ఖాళీ మెట్ల లెక్క

త్బిలిసి మెట్రోలో నా ఉద్యోగం కూర్చోవడం.
పొడవాటి ఎస్కలేటర్ అడుగున, గాజు గూట్లో,
ఒక ఎర్ర బొత్తాం పక్కన.
ఎవరైనా పడితే నొక్కాలి.
పదకొండేళ్ళలో నాలుగుసార్లు నొక్కాను,
అందులో ఒకటి కుక్క కోసం.

మిగతా కాలానికని
మా అక్క కొడుకు బాదురి ఒక ఆటపెట్టె ఇచ్చాడు.
చేతిలో ఇమిడేది, తెర మీద ఎడమవైపు గీత పడినది.
ఎలియావా సంతలో జుంబెర్ దాని తాళం ఊడగొట్టాడు.
కంపెనీ వద్దన్నవన్నీ ఇప్పుడది సరేనంటుంది,
ఒక్క జాగా దగ్గరే మొండికేస్తుంది.
ఎనిమిది జీబీల కార్డు. ఒక్కో ఆట ఒకటిన్నర.
నాకేమో పదిహేను ఆటలు కావాలి.

"చెరుగు పిన్నీ" అన్నాడు బాదురి.
డిస్కులో సగం ఆట కాదట, సున్నాలట.
వరసగా, మైళ్ళకొద్దీ సున్నాలు.
అసలు సరుకు అంచుకి జరగాలని,
తిరిగే పళ్ళెం మీద లేజరు కన్ను దాన్ని తొందరగా అందుకోవాలని
చేసినవాళ్ళే కూరిన ఊక.
కార్డుకి పళ్ళెమూ లేదు, కన్నూ లేదు.
ఊకెందుకు?

వంటింట్లో చిక్కుడుగింజలు ఉడుకుతుంటే
పాత లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.
బిగింపుకి ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు.
తొమ్మిది నొక్కాను, ఇంకేం నొక్కుతాను?
ఇక్కడ నలభై వేల సున్నాలు, అని ఒక్క ముక్క రాసుకుని
ప్రోగ్రాం గబగబా దాటిపోయింది.
మొదటి ఆట ఆరువందల ఎంబీకి దిగింది.
రెండోది, నిండా సినిమాలే ఉన్నది,
ఎంత నొక్కినా పదంటే పదే తగ్గింది.
ముందే పిండిన బట్ట, ఇంకేం కారుతుంది?
తొంభైరెండు చలికాలంలో మా వీధి అలాగే ఉండేది.
కరెంటు లేదు, గ్యాసు లేదు,
పిండడానికి వచ్చినవాళ్ళే విసుగెత్తి వెళ్ళిపోయారు.

తర్వాత ఆశ పుట్టింది.
కార్ల ఆట మలుపు ముందు ఒక్క క్షణం తడబడుతోంది,
మూట విప్పుకోవాలిగా పాపం.
పోనీలే, నాకేం పందెమా.
కత్తుల ఆటలో అయిదు భాషల గొంతులున్నాయి.
నేనాడేది రష్యన్లో.
మిగతా నాలుగూ ఊకే కదా అని
ఇటాలియన్‌తో సహా తీసి పారేశాను.
రెండువందల ఎంబీ లాభం.
అప్పుల్లేనిదాన్నై నిద్రపోయాను.

మూడో ఊరి కోట వాకిట్లో
కాపలావాడు నోరు తెరిచాడు.
తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.
బొత్తాలు పనిచేయవు. బ్యాటరీ ఊడదీశాను.
మళ్ళీ అదే వాకిలి, అదే నోరు.
ఏ పొరపాటునో ఆ ఒక్కడి మాట
ఇటాలియన్ సంచిలో పెట్టి మరిచిపోయారని
జుంబెర్ నవ్వుతూ చెప్పాడు.

ఆ వారమే సూపర్‌వైజర్ వఖ్తాంగ్ కాగితం తెచ్చాడు.
వసంతం నుంచి గూళ్ళుండవు, కెమెరాలొస్తాయి,
పై ఆఫీసులో ఒక్కరే పన్నెండు మెట్లదారులు చూస్తారు.
"ఏమీ జరగని గంటలకి జీతమేమిటి ఎతేరీ,
నువ్వే చెప్పు" అన్నాడు, మంచివాడే.
నేను చెప్పలేదు.
ఎక్కడ సంతకమో అడిగి పెట్టాను.

ఆఖరి రైలు వెళ్ళాక కూడా
మెట్లు పది నిమిషాలు దిగుతూనే ఉంటాయి.
ఒక్క చెప్పూ లేకుండా, ఒక్క సంచీ లేకుండా,
ఒకటి, మరొకటి, మరొకటి.
ఇన్నేళ్ళూ నేను చూసిందల్లా ఎక్కువగా అవే.

రెండు ఆటలు చెరిపి ఇటాలియన్ని తిరిగి ఎక్కించాను.
గూట్లో, చేతి తొడుగుల్లోంచి వేళ్ళు బయటపెట్టి,
మూడో ఊరి దాకా నడిచాను.
కాపలావాడు చాలాసేపు మాట్లాడాడు.
నాకు ముక్క అర్థం కాలేదు.
మాట పూర్తయ్యాకే
తలుపు తీశాడు.