అతుకుపని

నాలుగు రోజులుగా లోపల టిక్కుటిక్కుమంటోంది.
ఏప్రిల్ ఆర్డర్ల ఫైలు తెరవమంటే
చించినాడ వంతెన మీద లారీ అడ్డం తిరిగినట్టు
తెర మీద గంట తరబడి చక్రం.

పదకొండేళ్ల లేసు డిజైన్లు ఈ డిస్కులోనే.
గులాబీల టేబుల్ క్లాతు ఒక్కటే
నూట నలభై మూడు ముక్కలై పడుందట.

"పిన్నీ, ఎస్సెస్డీ వేయించెయ్, ఈ గోలుండదు,"
ఫోనులో అక్క కొడుకు జోయెల్.
నాలుగు వేలంటే ఎన్ని డజన్ల డాయిలీలో లెక్కేసి
ఫోను పెట్టేశాను.

మూడు టూల్సున్నాయి చేతిలో.
విండోస్‌తో వచ్చింది నోరు విప్పదు,
పని చేస్తోందో పడుకుందో తెలీదు.
రెండోది నెల రోజులు ఫ్రీ,
లేని జబ్బులు ఎనిమిదొందలు చూపించి
ఫీజు కట్టమంటుంది.
మూడోది బొమ్మ వేస్తుంది:
గళ్లు. ఎర్రవి, నీలివి, తెల్లవి.

శనివారం సరుకు ఇవ్వడానికొచ్చి
దీనమ్మ తెర ముందు ఆగిపోయింది.
"ఇదేం గ్రాఫమ్మా, కొత్త డిజైనా?"

చెప్పాను. ఒకే ఫైలు తలోచోటా తునకలు,
వెతికి వరసన పెట్టాలని.
"అతుకుపనేగా," అంది.

పేరుపాలెంలో అల్లిన పువ్వూ
లక్ష్మణేశ్వరంలో అల్లిన ఆకూ
ఎవరి చేతిదో తెలీని అంచూ
నలభై ఏళ్లుగా ఒక్క దుప్పటి చేస్తున్న మనిషి.
అడిగింది ఒక్కటే:
"మధ్యలో కరెంటు పోతే?"

ఏ టూలూ ముందు పేజీలో ఆ మాటెత్తలేదు.
మూడోదాని సహాయం పేజీలో, అట్టడుగున దొరికింది:
కొత్త చోట ముక్క రాశాకే పాతది చెరుపుతుందట.
"మరంతే. ముడి పడ్డాకే దారం తెంపాలి."

ఖాళీలన్నీ చివరికి తోసెయ్యనా అని అడుగుతోంది టూలు.
"వద్దనమ్మా," అంది సంచీ సర్దుకుంటూ,
"కన్నాల్లేకపోతే అది లేసెలాగవుద్దీ?"
డిస్కుకి ఆ లెక్క వర్తిస్తుందో లేదో
నాకు తెలీదు. వద్దనే నొక్కాను.

రాత్రి రెండింటికి పోనే పోయింది కరెంటు.
చీకట్లో ఫ్యాను రెక్కలు ఆగేదాకా విన్నాను.
తర్వాత కప్పలు, కాలవ.

పొద్దున్న అడిగింది, ఆగిన చోట మొదలెట్టనా అని.
గులాబీలు ఇంకా తొమ్మిది ముక్కలు.
టీ పెట్టుకోవడానికి లేచాను.