దగ్గరి కొండ

ఐదుంపావు. మాంట్రియల్ ఇంకా కళ్ళు తెరవలేదు.
రేడియేటర్ మీద బోర్లించిన స్కీ బూట్లు
రాత్రంతా ఆరి, తడికుక్క వాసన వేస్తున్నాయి.
ఆస్పత్రి డ్యూటీ దిగి గంటయింది నాకు.
వంటింటి బల్ల మీద, కరెంటు బిల్లు కవరు వెనక
పెన్సిలుతో మూడు కొండలు.

ఉత్తరాన కాకి కొండ. గంటంపావు దారి.
పదకొండు లిఫ్టులు, రాత్రి దీపాలు,
మెషిన్లతో దువ్వి దువ్వి పాపిడి తీసిన వాలు.
ఇద్దరికీ టికెట్లు కొంటే ఈ వారం కూరగాయలు లేనట్టే.
లిఫ్టు కోసం క్యూలో నిలబడే సేపు
కిందికి జారే సేపుకి ఐదింతలు.
దూరపు కొండలు నునుపంటారు.
ఇది నిజంగానే నునుపు,
ఆ నునుపుకే అంత ధర.

తూర్పున సెంతోరెల్.
అది మంచు కాదు, గాజు.
మా వార్డు జిస్లేన్ కూతురు నిరుడు అక్కడే
మణికట్టు విరగ్గొట్టుకుంది.
గాలి లేస్తే లిఫ్టు ఆపేస్తారు, డబ్బు వెనక్కివ్వరు.
తిరిగొచ్చేటప్పుడు వంతెన మీద ట్రాఫిక్ సంగతి రాయడానికి
కవరు మీద చోటు లేదు.

నాలుగోదీ ఒకటుండేది. మాయెల్ వయసులో నేను జారింది.
ఇప్పుడా వాలంతా ఇళ్ళు.
లిఫ్టు స్తంభానికి ఎవరిదో బట్టల తీగ.

ఇక లా బ్యుట్. అంటే దిబ్బ.
ఇంతకంటే మంచి పేరు పెట్టేంత ఎత్తు లేదు దానికి.
నలభై నిమిషాలు.
పాత ట్రాక్టరు ఇంజను లాగే ఒకే ఒక తాడు,
పట్టుకుంటే గ్లవ్స్ అరచేతుల్ని నమిలేస్తుంది.
అందుకే మా ఇంట్లో గ్లవ్స్ అన్నిటికీ వెండిరంగు టేపు.
ఫోన్ చేస్తే ఫెర్నాఁ ముసలాయన రికార్డు చేసిన గొంతు:
"పైన గట్టి. మధ్యలో మెత్తన. కింద, దేవుడి దయ.
సూపు ఉంది. బఠానీ."
ఒక్కోసారి: "ఈరోజు రాకండి. కాకి కొండకి పోండి,
నేనైతే అక్కడికే పోదును."
అమ్ముకునేవాడు ఇంత నిజం చెప్పడం
ఇంకెక్కడా వినలేదు నేను.

ఈవేళా చేశాను.
గొంతు అదే. గట్టి, మెత్తన, బఠానీ.
తేదీ మాత్రం పోయిన శనివారంది.
మళ్ళీ చేశాను.
మళ్ళీ పోయిన శనివారమే.

మాయెల్ లేచొచ్చింది, ఒక కాలికే సాక్సు.
తొమ్మిదేళ్ళది. కవరు చూసింది.
కాకి కొండ మీద వేలు పెట్టి,
నా మొహం చూసి, వేలు తీసేసింది.
"ముందు ఫెర్నాఁ ఏమయ్యాడో చూద్దాం."

మైనస్ ఇరవై రెండు.
కారు దగ్గి దగ్గి స్టార్టయింది.
దారికి అడ్డంగా, పొలాల నుంచి పొలాలకి
పొడిమంచు పాముల్లా పాకుతోంది.
చివరి మలుపుదాకా ఎవరం రేడియో పెట్టలేదు.

షెడ్డు తలుపు తెరిచే ఉంది.
ఇంజను కింద రెండు కాళ్ళు.
కాళ్ళు కదిలాయి.
"బెల్టు తెగింది. మంగళవారం దాకా రాదు.
టేపు మార్చడం మరిచా. మీ పెట్రోలు నా ఖాతాలో రాయండి,"
అంది ఇంజను కింది గొంతు.
కోపం రావాలి నాకు. కంటి మీద కునుకు లేని మనిషిని.
నవ్వొచ్చింది.

మాయెల్ అప్పటికే స్కీలు భుజానికెత్తుకుంది.
తాడు తిరగని దిబ్బ ఎక్కింది,
మోకాలు దిగేస్తూ, మోకాలు పీక్కుంటూ,
పద్దెనిమిది నిమిషాలు.
దిగింది నలభై సెకన్లు.
రెండు గీతలు. కొండంతటికీ అవే.
ఫెర్నాఁ నూనె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి
గడియారం చూశాడు, ఏదో పెద్ద పోటీలోలా.
సూపు మాత్రం ఉంది.

తర్వాతి శనివారం, ఐదుంపావు.
కవరు తీయలేదు. ఫోన్ ఒక్కటే.
"బెల్టు వచ్చింది. తాడు తిరుగుతోంది. పైన గట్టి.
పోయినవారం జారింది ఒక్కరే.
ఆవిడ రిపోర్టు: పైన్ చెట్టు దాకా బాగుంది,
అక్కణ్ణుంచి పళ్ళు బిగపట్టుకోండి."