రెండు వేళ్ళు

చిత్రకొండ రేవులో, గుగ్గిలం దుంగల మీద,
నాలుగు వానలు తిన్న లాంచీ.
వంతెన తెరిచిన ఏడే దీన్ని గట్టెక్కించారట.
గట్టెక్కడం మంచి మాటే,
పడవకి తప్ప.

చేపల సొసైటీ వాళ్ళు కొన్నారు, ఐసు మోయడానికి.
పాత ఇంజిన్లు తీసి కొత్తవి దించమని
నాకు కబురు పెట్టారు.
నేను లారీ మేస్త్రీని.
లారీ మొండికేస్తే పక్కకి తీసి చక్రం కింద రాయి పెడతాం.
దీనికి పక్కంతా లోతే.

సరంగు మైలపల్లి కొర్లయ్య.
డ్యాం కట్టేప్పుడు అయ్య చెయ్యి పట్టుకుని
భీమిలి నుంచి వచ్చి
ఉప్పులేని నీళ్ళకి అలవాటు పడ్డవాడు.
ఎడం చెవి ఎడం ఇంజిను తినేసింది.
మాట చెప్పాలంటే
కుడిపక్కకి వెళ్ళి చెప్పాలి.

ఒక్కో ఇంజిన్‌కి ఎనిమిది బోల్టులు.
ఏడు కిరసనాయిలుకి లొంగాయి.
ఎనిమిదోదాన్ని ఖిల్లో దొంబు దేశియాలో తిట్టాడు,
నేను తెలుగులో తిట్టాను.
బోల్టుకి రెండు భాషలూ రావు.
మూడో రోజు రంపం బ్లేడుకి మాత్రం అర్థమైంది.

గొలుసు కప్పీకి వేలాడుతూ ఇంజిను లేచింది,
నల్లగా, నూనె కారుస్తూ,
బావిలోంచి తీసిన దున్నపోతులాగ.
దాని కింద, మడ్డిలో
ఇన్నేళ్ళ జనం జారవిడిచినవి:
పదిపైసల బిళ్ళలు, అల్యూమినియం కడియం,
చంటిపిల్లది రబ్బరు చెప్పు,
ఒక పసుపు కొమ్ము.
కొమ్ముని గోటితో గీరాను.
లోపల ఇంకా పసుపే.
ఈ చెప్పు ఎవరిదో చెప్పు సరంగూ, అన్నాను
కుడిచెవి పక్కన.
చెప్పలేదు.
కొమ్ము తీసుకుని జేబులో వేసుకున్నాడు.

కొత్తవి విశాఖ నుంచి వచ్చాయి,
గోనె విప్పితే రంగు వాసన.
ఒకే కాన్పు పిల్లల్లా ఉన్నాయి.
ఒకటి కుడికి తిరిగితే ఒకటి ఎడమకి తిరగాలట,
లేకపోతే పడవ తనే గిరగిరా తిరుగుతుందట.
షాఫ్టుకీ ఇంజిన్‌కీ నడుమ
బీడీ ఆకు దూరేంత తేడా కూడా పనికిరాదు.
రేకు ముక్కలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి
పదకొండు రోజులు బోర్లా పడుకున్నాను.
మా ఆవిడ అన్నం తెచ్చి
నా కాళ్ళతోనే మాట్లాడి వెళ్ళేది.

మంచు పొద్దున నీళ్ళలోకి దించాం.
తాళం తిప్పాను.
పొగ లేదు, దగ్గు లేదు.
అందుకుందా? అన్నాడు కొర్లయ్య.
అందుకుందని చెయ్యి ఊపాను.
నమ్మక, చెక్క మీద అరచెయ్యి ఆనించి చూసుకున్నాడు,
జ్వరం చూసినట్టు.

బయల్దేరింది.
వెనక నీళ్ళ మీద కొడవలి గీత.
కుడికి, ఇంకా కుడికి.
ఆపించి మూతలు తెరిచాను.
రెండు ఇంజిన్లదీ ఒకే పరుగు.
చుక్కాని సరిగ్గానే ఉంది, షాఫ్టూ సరే.
మళ్ళీ నడిపితే మళ్ళీ కొడవలి.
పదకొండు రోజులూ నా కడుపులో చల్లబడ్డాయి.

నేను పడతానన్నాడు దొంబు.
వాడి చేతిలో లాంచీ
దారం కట్టి లాగినట్టు పోయింది.

అప్పుడు వెలిగింది నాకు.
పాత ఎడం ఇంజిన్‌ది నోరే పెద్దది, సత్తువ సగమే.
పంతొమ్మిదేళ్ళు లాంచీ ఎడమకి ఒరుగుతుంటే
పంతొమ్మిదేళ్ళూ ఆయన
చక్రం రెండు వేళ్ళు కుడికే పట్టుకున్నాడు.
ఒరగడం పోయింది.
వేళ్ళు పోలేదు.

ఎడం దానికి కాస్త నూనె తగ్గించనా,
పాతదానిలాగే ఉంటుంది, అన్నాను మెల్లిగా.
నవ్వాడో, ఎండకి మొహం చిట్లించాడో.
ఇంజిన్‌కెందుకు నా రోగం, అన్నాడు.

ఆ వారమంతా ఐసు పెట్టెల్లేకుండా
ఒక్కడే తిరిగాడు.
గట్టు మీంచి చూసేవాణ్ణి,
కొడవలి రోజురోజుకీ సాగి సాగి
వంచిన వెదురంత వంపుకొచ్చింది.
ఆరోనాడు దిగి వచ్చి చెయ్యి చూపించాడు.
ఒక వేలు పోయింది మేస్త్రీ,
ఇంకోటి ఉండనీ.

ఉంచాను.
బిల్లులో రాయలేదు.