పధ్నాలుగో నెంబరు ఖాళీ

పుంటా అరేనస్‌లో గాలికి పళ్లుంటాయి.
ఇనుము కనిపిస్తే చాలు, ఉప్పద్దుకుని కొరుకుతుంది.
అందుకే మా షెడ్డులో పొద్దున్నే చెయ్యి పడేది
బండ్ల మీద కాదు, పానాల మీద.

బాల్దోవినో ఒయార్సున్ నాకు పానా కొనడం నేర్పింది
కళ్లు మూయించి.
మెరుపు చూసి మోసపోతానని ఆయన భయం.
అరచేతిలో పెట్టి బరువెంతో చెప్పమన్నాడు,
అంచు మీద గోరు నడిపించమన్నాడు,
నట్టు మీద కూర్చోబెట్టి అటూ ఇటూ ఊపమన్నాడు.
వదులుగా ఊగిందా, వద్దు.
ముందు నట్టు మూలలు తింటుంది,
తర్వాత నీ వేళ్ల కణుపులు.

మూడు జతల చవక సాకెట్లు అలా తిరుగుటపాలో వెళ్లాయి.
కొట్టువాడు మమ్మల్ని చూస్తే షట్టరు దించేవాడు.

డ్రాయర్ల అడుగున గొర్రె బొచ్చు పరిచాం.
కడగని బొచ్చు. కంపే, కాదనను.
ఆ జిడ్డుంటే తుప్పు గడప దాటదని
వాళ్లమ్మ కత్తెరల పెట్టె దగ్గర తెలుసుకున్నాడట.
టార్క్ రెంచిని రాత్రికి అడుగు గీతకి దించి పడుకోబెట్టాలి,
స్ప్రింగుకీ నడుముంటుంది.
స్క్రూడ్రైవరుతో పెయింటు డబ్బా మూత లేపానని
ఒకసారి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

గోడ మీద ప్రతి పనిముట్టుకీ నల్లరంగుతో దాని నీడ గీసుంది.
నీడలన్నీ నిండాకే దీపం ఆర్పడం.
రెండు చలికాలాలుగా ఒక్కటి నిండలేదు:
పధ్నాలుగు, రింగు పానా, కొసన చిన్న గాటు.
కొత్తది కొందామంటే
"ఆ చోటు దానిది" అనేవాడు.
నన్ను అనుమానించాడేమో. అడగలేదు.
నేనూ చెప్పుకోలేదు.

మొన్న పోర్వెనీర్ నుంచి గొర్రెల లారీ వచ్చింది,
ఎల్యూతెరియో బార్రియాది.
కిందికి దూరి చెయ్యి పెట్టానా,
క్రాస్ మెంబరు మీద, మడ్డి గూట్లో,
పధ్నాలుగు! గాటుతో సహా.
జలసంధి ఎన్నిసార్లు దాటిందో మహాతల్లి.
తుడిస్తే ఒక్క తుప్పు చుక్క లేదు.

నేను గంతేశాను.
ఆయన వేయలేదు.
పానాని వెలుగులోకి పట్టి, వాసన చూసి,
నూనెని రెండు వేళ్ల మధ్య రుద్ది
"ఇదెలా బతికింది?" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు.
రెండేళ్ల కిందట ఈ లారీకి
నూనె కారడం ఆపామని డబ్బు తీసుకున్నది మేమే.
ముసలి బండి, కారుతుందిలే అనుకున్నాడట
ఎల్యూతెరియో.

గాస్కెట్టు మార్చాం, ఊరికే.
పాత బిల్లు సొమ్ము చేతిలో పెడితే
అతను మొహమాటపడలేదు,
రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

పానాని దాని నీడలో నేనే తగిలించాను.
గోడ నిండింది.
అయినా దీపం ఆర్పకుండా
లారీ కింద పరిచిన అట్టముక్క మీద
చుక్క పడుతుందేమోనని చూస్తూ
ఇద్దరం కూర్చున్నాం.