రెండు పాయింటు నాలుగు

రాయదుర్గం మండలాఫీసు పెరట్లో
ఒక రేకు గరాటు, దాని కింద గాజు సీసా.
పొద్దున ఎనిమిదిన్నరకు సీసా తీసి
కంటికెదురుగా పట్టుకుని చూస్తాను.
రిజిస్టర్లో సున్నా, చుక్క, సున్నా.
పదకొండేళ్ళుగా ఇదే నా చేతిరాత.

మా నాయన చౌరప్ప, గుడిలో ఉపదేశి.
స్వామి కాబోయి రెండేళ్ళు లాటిన్ చదివి
మూడో ఏడు ట్రంకుపెట్టెతో ఇంటికొచ్చేసినాడు.
ఎందుకని అడిగితే
"క్రియలు అయిపోయినాయి,
ఇంక విశ్వాసం మొదలుపెట్టమన్నారు" అనేవాడు.

విత్తనానికని చెనిక్కాయలు ఒలుస్తా ఒలుస్తా
నాకు నేర్పింది ఒక్క క్రియే.
ప్లూయిత్.
వాన పడుతోంది.

"దీనికి ఉత్తమ పురుష లేదు, మధ్యమ పురుష లేదు.
నేను కురుస్తానని ఎవరూ అనలేరు,
కురువు అని ఎవర్నీ గదమాయించలేరు.
ప్రథమ పురుష, ఏకవచనం, అంతే.
ఆ పురుషుడు యాడున్నాడో వ్యాకరణం చెప్పదు."

మన మాటల్లో అయితే
వాన వస్తుంది, మొండికేస్తుంది,
మొగం చాటేస్తుంది, ఎగ్గొడుతుంది
బాకీ పడ్డ మేనమామ మాదిరి.
తిట్టుకోడానికి ఒక మనిషైనా ఉంది.
"ఆ లాటిన్ రైతు ఎవర్ని తిట్టుకున్యాడో పాపం"
అనింది అమ్మ, చేట చెరుగుతా.

తృతీయా విభక్తితో కూడా పొసుగుతుందంట:
లాపిదిబుస్ ప్లూయిత్,
రాళ్ళతో కురిసింది.
"మనకీ ఉంది లే రాళ్ళవాన"
అమ్మ మళ్ళీ.
ఆ ఏడు టమోటా తోట పోయిన సంగతి
ఎవరూ ఎత్తకుండానే ముగ్గురికీ గుర్తొచ్చింది.
నాయన కాలాల్లోకి పోయినాడు.

అక్కడొక చిక్కుంది.
పడుతోంది అన్నా ప్లూయిత్,
పడింది అన్నా ప్లూయిత్.
మృగశిరలో పడి పోయిందో, ఇప్పుడు పడుతోందో
పక్కనున్న మాటల్ని బట్టి తెలుసుకోవాల.
పక్కన మాటలు లేకపోతే?
"కిటికీ తెరిచి చూడాల."

అచ్చు ఒక్కటి మారిస్తే చాలంట.
ఇ తీసి ఎ పెడితే ప్లూయెత్, పడుతుంది, ఎప్పుడో.
అ పెడితే ప్లూయత్, పడనీ.
దుక్కి దున్నేసి కూచున్నోళ్ళంతా
జూన్ నెల పొడుగునా ఆ అ దగ్గరే ఉంటారు.
ఆకాశం వైపు తలెత్తితే
నోరు దానంతటదే తెరుచుకునే అక్షరం.

ఆయన పోయినాక ట్రంకుపెట్టెలో
ఎరువుల కొట్టోళ్ళు ఇచ్చిన డైరీ దొరికింది.
ఒక పేజీ నడుమ ఒక్క మాట, ప్లూయిత్.
ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు.
ఆ తేదీ నా రిజిస్టర్లో వెతికినాను.
సున్నా, చుక్క, సున్నా.
ఏ కిటికీ తెరిచి చూసినాడో మరి.

నిన్న రాత్రి పడింది.
రేకుల మీద చప్పుడుకు లేచి కూచున్నాను.
పొద్దున సీసాలో రెండు పాయింటు నాలుగు.
రెండున్నర ఉంటేగానీ
సర్కారు లెక్కలో అది వానరోజు కాదు.
మెట్ల మీద బురద కాళ్ళ గుర్తులు,
అటెండరు కుళ్ళాయప్ప గొడుగు వరండాలో ఆరుతోంది,
రోజు మాత్రం పొడి రోజు.
సీసాలోకి ఒక్క చుక్క జారవిడిస్తే సరిపోయేది.
విడవలేదు.

రెండు పాయింటు నాలుగే రాసి
అంచున పెన్సిలుతో నాయన మాట రాసినాను.

లెక్కలు చూడ్డానికి అనంతపురం నుంచి వచ్చిన సారు
కళ్ళద్దాలు నుదుటికి తోసి
"ఏందమ్మా ఇది?" అన్నాడు.
క్రియ సార్.
"కర్త ఎవరు?"
లేరు సార్.

ఆయన కాసేపు కిటికీ వైపు చూసి
సంతకం పెట్టినాడు.