పొగ వంగిన చోటు

రుషికొండలో పద్నాలుగో అంతస్తు.
ఇంకా మనుషులు దిగని గది.
గోడ ఉండాల్సిన చోట గాజు,
గాజు నిండా సముద్రం.

దాన్ని నమ్మకపోవడం నా ఉద్యోగం.

బయట వేలాడే తొట్టిలో నిలబడి
దాలయ్య గొట్టంతో నీళ్లు కొడతాడు.
లోపల నేను ఫ్యాను తిప్పి గదిలో గాలి లాగేస్తాను,
తుఫానుని ఒక గంటకి అద్దెకి తెచ్చినట్టు.
గేజి ముల్లు ఎక్కుతుంది.
అద్దం రవ్వంత నా వైపు ఉబ్బుతుంది,
ఏదో చెప్పబోయి ఆగినట్టు.

ఆరు మిల్లీమీటర్ల అద్దం, పన్నెండు ఖాళీ, మళ్లీ ఆరు.
ఆ ఖాళీలో ఆర్గాన్,
ఎవరితోనూ కలవని వాయువు.
లోపలి ముఖాన వెండి పూత,
కంటికి ఆనదు, గోటికి అందదు.
వెలుగుని రమ్మని
వేడిని గుమ్మం బయటే నిలబెట్టాలట.
కాగితం మీద అలాగే ఉంది.

కాగితం రాసినవాళ్లు ఇక్కడ తెల్లారడం చూడలేదు.
ఈ తీరాన పొద్దు రెండుసార్లు పొడుస్తుంది:
ఒకసారి ఆకాశంలోంచి,
ఒకసారి నీళ్ల మీద జారి, కిందనుంచి.
కిందనుంచి వచ్చే ఎండకి
పైన చూరు కట్టి ఏం లాభం?
మీటింగులో అన్నాను. అద్దం కొంచెం తగ్గించమన్నాను.
"వ్యూ పోతుంది మేడమ్" అన్నారు,
టీ వచ్చింది.

దాలయ్యది జాలారిపేట.
ఫ్రేము స్క్రూని బొటనవేలితో రుద్ది
నాలుక్కి రాసుకుంటాడు.
"ముప్పై ఏళ్లని రాసీసారు.
ఉప్పుకి సదువొచ్చేటండి?"

హుద్‌హుద్ నాటికి నేను ఇంటర్.
కంచరపాలెంలో మా అద్దెగది, రెండు కిటికీలు.
ఉత్తరం కిటికీకి పరుపు అడ్డుపెట్టి
అమ్మా నేనూ పొద్దుట్నుంచి వీపులానించి కూర్చున్నాం.
మధ్యాహ్నం గాలి ఠక్కున ఆగింది.
అంత నిశ్శబ్దం ఆ పేటలో అంతకుముందు వినలేదు.
అమ్మ లేచి స్టవ్ వెలిగించింది.
పాలు పొంగేలోపు గాలి తిరిగొచ్చింది,
వెనకనుంచి.
మేం కాసిన కిటికీ అలాగే ఉంది.
కాయనిది పగిలింది.
అన్నం డబ్బాలో కూడా గాజుముక్కలు.

అందుకే ఈ పనిలోకి వచ్చావా అని అడుగుతారు.
కాదు. ఉద్యోగం దొరికింది, వచ్చాను.

ఇవాళ నీళ్లు రాలేదు.
ఎక్కడో సన్నగా ఈల మాత్రం,
పళ్ల సందులోంచి పిల్లాడు ఊదినట్టు.
గేజి చెప్పదు ఎక్కడో.
సంచిలోంచి అగరొత్తి తీసి వెలిగించి
ఫ్రేము వెంట మెల్లగా నడిపించాను.
పొగ నిటారు, నిటారు, నిటారు,
ఎడమ మూల కింద వంగింది,
ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు.

దాలయ్య పాత సిలికాన్ గీకి కొత్తది పోశాడు,
తడి వేలితో ఒక్క గీత, మళ్లీ ముట్టుకోలేదు.
ఆరనిచ్చి మర్నాడు మళ్లీ పెట్టాం.
ఈల లేదు. సముద్రం కూడా లేదు,
అలలు విరుగుతున్నాయి, చప్పుడు రావడం లేదు.
'గాలి చొరబాటు: పరిమితి లోపు'
అని రాసి సంతకం పెట్టాను.

రాయనిది ఒకటుంది.
అంచున బిగింపు ఏనాడైనా సడలితే
రెండద్దాల మధ్య మంచు పడుతుంది.
బయటనుంచి తుడిచినా పోదు, లోపలనుంచి తుడిచినా పోదు.
సిరిపురంలో ఒక ఆఫీసులో చూశాను,
ఒకాయన చేతిరుమాలుతో రుద్దుతూనే ఉన్నాడు.

కిందికి దిగితే గాలి చెంప మీద కొట్టింది.

శుక్రవారం. ఇంట్లో అమ్మ అగరొత్తి వెలిగించింది.
పొగ దేవుడి దగ్గర నిలవకుండా
దక్షిణం కిటికీ వైపు వంగింది.
ఆ వంపు చూసి సందు ఎంతో చెప్పగలను:
నాలుగు మిల్లీమీటర్లు, కిందైతే ఐదు.
అందులోంచే పోర్టు బొగ్గుపొడి వస్తుంది,
రోజూ కిటికీ దిమ్మె మీద నల్లటి గీత.
ఆనాడు మార్చిన అద్దం ఇప్పటికీ
పక్కదానికన్నా కాస్త పచ్చగానే ఉంది.

మబ్బు పట్టింది.
అమ్మ కుర్చీ తెచ్చి
రెండు కిటికీలకీ సరిగ్గా మధ్యన వేసుకుంది.
ఎటు తిరిగి కూర్చున్నా
ఒకటి వీపు వెనకే.

నా సంచిలో సగం మిగిలిన సిలికాన్ ట్యూబు ఉంది.
తీసి నొక్కాను.
మూతి దగ్గర గట్టిపడిపోయింది.