ఎలుకల మందు

ఎనుమాముల మిర్చి యార్డుల
పదమూడేండ్లు హమాలీ జేసిన.
జొన్నపిండి ఉండలల్ల కలిపి
గోదాము మూలమూలకు
ఎలుకల మందు పెట్టేటోణ్ణి నేనే.
తెల్లారి చీపురుతోని ఊడ్సి
తోకలు లెక్కవెట్టి సేటుకు జెప్పాలె.
తోకకు రూపాయి.

ఇప్పుడు భీమారం అవతల
ఏసీ గదిల, నెత్తికి నీలం టోపీ, కాళ్ళకు సంచులు,
ఎలుకలకు మందు పెడుతున్న.
పొద్దుగాల ఎనిమిది కొట్టంగనే
ఒక్కొక్కదాన్ని గొట్టంలకు తోలి
తోకకు చిన్న పట్టీ కడుత.
పట్టీ ఉబ్బుతది, వదులైతది.
నూట డెబ్బై ఆరు.
నూట ఎనభై రెండు.
కదిలితే మళ్ళ మొదటికెళ్ళి.
ఏ కొలువుకు పోయినా
తోకలు లెక్కవెట్టుడు తప్పలే నాకు.

ఇంద్రాణి మేడం చెప్పింది ఒకనాడు:
"ఇవి పుట్టుడే బీపీతోని పుడ్తయ్ కొమురెల్లీ,
తల్లి కడుపుల పడకముందే
వీటి రాతల ఒక్క అక్షరం మార్చినం."
సమజ్ కాలె.
ఇంటికొచ్చి మా చిన్నదాన్ని అడిగిన, మూడో తరగతి.
పెన్సిలుతోని రాసింది: రక్తం.
కింది ఒత్తును రబ్బరుతోని తుడ్సింది.
"సూడు బాపూ, రకం."
ఒత్తు పోయి రక్తం రకమైంది,
ఆ రకానికేమో రక్తంల ఒత్తిడి.
ఇద్దరం నవ్వినం.
దానికి నిద్రవట్టింది, నాకు పట్టలే.

పిల్లలు పుట్టిన మూడో వారం
చెవికి గాటు, అదే నంబరు.
తోక కొస, నువ్వుగింజంత, సీసాల వేసి పంపుతం.
హైదరాబాదు నుంచి కాయితమొస్తది:
మార్పు దిగినయి ఇన్ని, దిగనియి ఇన్ని.
దిగినయి పెట్టెలకెక్కుతయి.
కింద రంపపు పొట్టు, దూప కాకుండ దోసకాయ ముక్కలు,
మూతకు బెజ్జాలు.
బెంగుళూరుకు ఇరవై, పుణెకు పన్నెండు.
కిడ్నీ ఏ దినం నుంచి ఓడిపోతదో
అక్కడ కోసి సూస్తరట.
దిగనియి కొన్ని, పక్కన పెట్టి పోల్సేతందుకు.
మిగిలినయి
గ్యాసు డబ్బలకు.

నేను యార్డుల తాలు ఏరినోణ్ణి.
ఎర్రగ మెరిసేది ఒక కుప్ప, తెల్లవోయింది ఒక కుప్ప,
కండ్లు మూసుకొని చెప్పేటోణ్ణి.
ఇక్కడ కుప్పలు తారుమారు.
సుస్తీ ఉన్నదే సరుకు,
పాణం బాగున్నది తాలు.
చెయ్యి ఇంక అలవాటు పడలె.

మా బావ ఓదెలు
మంగళ, గురు, శనివారాలు
పరకాల మొదటి బస్సుకు పెద్దదవాఖానకొస్తడు.
నాలుగ్గంటలు మెషీను మీద.
ఆయన నెత్తురు బయటికొచ్చి, కడుక్కొని, లోపటికి పోతది.
గోలెం నీళ్ళు తాగే మనిషి
గిలాస మీద పెన్నుతోని గీత గీసుకొని తాగుతడు.
"పచ్చిపులుసుల ఇంత ఉప్పు వడ్తే సచ్చిపోతనారా"
అని మా అక్క మీద లడాయి.
అదే పొద్దు నేను
ఎలుకల దాణాల నూటికి ఎనిమిది పాళ్ళు ఉప్పు
కాంటా పెట్టి కలిపి వచ్చిన.
చెప్పలె.
చెప్తె ఆయన నవ్వుతుండె కావచ్చు,
అది సూడబుద్ధి కాలె.

ఉప్పు తిన్న ఇంటికి కీడు తలపెట్టొద్దంటరు.
అవి మా చేతి ఉప్పు తిన్నయి,
ఎవ్వలు తిననంత తిన్నయి.
మరి మేం?
మేం వాటియి ఏం తిన్నమో
దవాఖాన చిట్టీల రాసుండదు.

పోయిన నెల మా వాడకట్టుకు
బీపీ సూసే సిస్టరొచ్చింది, పేరు రజిత.
రెట్టకు పట్టీ సుట్టింది.
పట్టీ ఉబ్బుతుంటె
ఎవ్వలు చెప్పకుండనే ఊపిరి బిగవట్టి
కదలకుండ కూసున్న.
"నూట అరవై నాలుగు" అన్నది.
"ఇగ మందు మొదలువెట్టాలె అన్నా."
తెల్లటి గోళి, నడుమ గీత,
అరచేతుల ఎంత తేలికగ ఉన్నది!
"ఇది ముందుగాల ఎవలకు పెట్టి సూసిన్రు?" అన్న.
"నాకేమెరుక" అని సంచి సర్దుకున్నది.
"రోజు పొద్దుగాల ఒకటి. యాల్ల తప్పొద్దు."

ఎనిమిదింటికి, అన్న నేను.